ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్‌కు హ్యాండిల్ బార్, థ్రాటిల్ మార్చుకున్న నా అనుభవం

నా ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ మీద కాస్త దూరం వెళ్ళేసరికి కుడి మణికట్టు నొప్పి పుట్టేది. బార్ కిందికీ ముందుకూ ఉండటం వల్ల ఒంటి బరువు అరచేతుల మీద పడేది. పైగా థ్రాటిల్ (వేగం పెంచడానికి తిప్పే కుడి గ్రిప్పు) పూర్తిగా తిప్పాలంటే మణికట్టును బాగా కిందికి వంచవలసి వచ్చేది. నొప్పి కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి ఉంది. గతుకుల మీద చేయి అదిరినప్పుడల్లా బండి కూడా ముందుకు ఒక కుదుపు కుదిపేది. పెట్రోలు బండిలో ఇంజినూ క్లచ్చూ అటువంటి చిన్న కదలికను కొంతవరకు తమలోనే ఇముడ్చుకుంటాయి. ఎలక్ట్రిక్ మోటారుకు నిలబడిన చోటి నుంచే టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) సిద్ధంగా ఉంటుంది కనుక, మోటారుకు వెళ్ళే కరెంటును నియంత్రించే కంట్రోలర్ అనుమతించినంత మేరకు చేతి వణుకు నేరుగా చక్రానికి చేరుతుంది. అందుచేత బార్ మార్చడాన్నీ థ్రాటిల్ సరిచేయడాన్నీ ఒకే పనిగా చూడాలనీ, ముందు చేయి ఎక్కడ ఉండాలో తేల్చుకుని ఆ తరువాతే ఆ చేతికి తగినట్లు థ్రాటిల్‌ను అమర్చాలనీ నిశ్చయించుకున్నాను.

కొలతలతో మొదలుపెట్టాను. గ్రిప్పులు ఎక్కే చోట మోటార్‌సైకిల్ బార్ వ్యాసం సాధారణంగా 22 మి.మీ. ఉంటుంది, బార్‌ను బండికి బిగించే క్లాంప్ పట్టుకునే మధ్యభాగం మాత్రం కొన్నింటికి అదే 22 మి.మీ., లావు బార్లకు 28.6 మి.మీ. ఉంటుంది. నా బండి క్లాంప్ 22 మి.మీ.ది కావడంతో అల్యూమినియం లావు బార్ వేయాలంటే క్లాంపులు కూడా మార్చవలసి ఉంటుందని తేలింది. ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం నాకు కనబడలేదు. మామూలు వ్యాసంలోనే, కొంచెం ఎత్తుగా, కొసలు వెనక్కి వంగిన బార్ ఎంచుకున్నాను. ఎంత ఎత్తు అన్నది నా ఇష్టం మీద కాక ముందు బ్రేకు హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్ళే గొట్టం) పొడవు మీద ఆధారపడింది. బార్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ పూర్తిగా సాగినప్పుడు కూడా హోస్ బిగుసుకోకుండా మిగిలే వదులు ఎంతో చూసి, ఆ హద్దులో ఇమిడే ఎత్తునే తీసుకున్నాను. అంతకు మించితే పొడవైన హోస్ వేసి, దాని రెండు కొసల్లో కొత్త రాగి వాషర్లు పెట్టి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, లోపలి గాలి అంతా తీయవలసి వస్తుంది. ఆ పని చేతనైనవారికి అడ్డేమీ లేదు గాని, కేవలం ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తు కోసం చక్కగా పనిచేస్తున్న బ్రేకును విప్పడం నాకు సమంజసంగా తోచలేదు.

విప్పే ముందు బ్యాటరీ మెయిన్ బ్రేకర్ ఆపి, కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగిపోయేదాకా ఆగాను. 72 వోల్టుల బండి అని పిలిచే దాని బ్యాటరీలో 20 లిథియం అయాన్ సెల్లులు వరుసగా ఉంటే, పూర్తి చార్జిలో ఆ వోల్టేజి 84 వరకు వెళుతుంది. హ్యాండిల్ బార్ దగ్గరి తీగల్లో ఎక్కువ భాగం 12 వోల్టులవో 5 వోల్టులవో అయినా, కొన్ని బండ్లలో తాళం తీగ ద్వారా పూర్తి బ్యాటరీ వోల్టేజి బార్ దాకా వస్తుంది. వెనక చక్రాన్ని నేల నుంచి లేపి స్టాండు మీద నిలబెట్టాను. పని ముగిసేవరకు అది అలాగే ఉంది.

స్విచ్చుల డబ్బాలు, బ్రేకు లివర్లు, అద్దాలు ఒక్కొక్కటిగా వదులు చేసి, తీగలు లాగబడకుండా గుడ్డ మీద వేలాడనిచ్చాను. బ్రేక్ ఆయిల్ ఉండే మాస్టర్ సిలిండర్‌ను మాత్రం తలకిందులు కానివ్వకుండా నిటారుగా కట్టి ఉంచాను, ఎందుకంటే అది వాలితే గాలి లోపలికి చేరే అవకాశం ఉంది. పాత బార్‌కు స్విచ్ డబ్బా తిరగకుండా ఆపే చిన్న రంధ్రం ఉంది. డబ్బా లోపలి మేకు ఆ రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త బార్‌కు ఆ రంధ్రం లేదు. చాలామంది డ్రిల్లు పెట్టి రంధ్రం వేస్తారు. బార్ అన్నది ప్రతి గతుకుకూ వంగి లేచే గొట్టం. దానికి ఎక్కడ రంధ్రం వేస్తే అక్కడ ఒత్తిడి పోగుపడి, కాలక్రమంలో అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. ఆ కారణంగా బార్‌ను తాకకుండా, డబ్బాలోని ప్లాస్టిక్ మేకునే ఆకురాయితో అరగదీశాను. స్క్రూలు సరిగా బిగించాక డబ్బా ఎటూ కదలలేదు.

బార్ వెడల్పు నా భుజాలకు కొంచెం ఎక్కువగా ఉండటంతో రెండు కొసలా సమానంగా కోయించుకున్నాను. ఎడమ కొసకు లేని ప్రాముఖ్యం కుడి కొసకు ఉంది: కోసిన అంచున మిగిలే లోహపు పొలుసు థ్రాటిల్ గొట్టాన్ని లోపలి నుంచి గీరుతుంది, గీరినప్పుడు థ్రాటిల్ తనంతట తాను వెనక్కి రాదు. అంచును నునుపుగా రాసి, బార్‌ను పొడిగుడ్డతో తుడిచి, గ్రీజు పెట్టకుండానే గొట్టం ఎక్కించాను, ఎందుకంటే అక్కడి గ్రీజు దుమ్మును పట్టి ఉంచి, కొంతకాలానికి తానే అడ్డంకి అవుతుంది. బార్ కొసన బిగించే బరువుకూ తిరిగే గ్రిప్పుకూ మధ్య ఒకటి రెండు మి.మీ. సందు కచ్చితంగా ఉండాలి. క్లాంపుల బోల్టులను బండి పుస్తకంలో చెప్పిన వరుసలో, అది చెప్పిన బిగింపు బలంతో (దీన్నీ టార్క్ అనే అంటారు) టార్క్ రెంచ్ పెట్టి బిగించాను. కొన్ని క్లాంపులకు ముందు బోల్టులు పూర్తిగా బిగించి వెనక సందు వదలాలి, కొన్నింటికి రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. అంచనాతో చేయదగిన పని కాదిది. లివర్లను ముంజేయికి ఒకే గీతలో వచ్చేటట్లు తిప్పి పెట్టాను. మణికట్టు నిటారుగా వచ్చిందన్న సంగతి చేయి పెట్టగానే తెలిసింది.

ఇక థ్రాటిల్. ఎలక్ట్రిక్ బండి థ్రాటిల్‌లో కేబుల్ ఉండదు; అది కంట్రోలర్‌కు ఒక వోల్టేజిని పంపే పరికరం మాత్రమే. మాగురా వంటి సంస్థలు తయారుచేసిన పాత తరహా థ్రాటిళ్ళలో 5 కిలో ఓముల పొటెన్షియోమీటర్ (తిప్పితే నిరోధం మారే భాగం) ఉంటుంది. నేడు ఎక్కువగా కనిపించేది అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ రకం. తిరిగే గొట్టానికి ఒక అయస్కాంతం అతికి ఉంటుంది, అది సెన్సర్ ముందు జరిగే కొద్దీ వోల్టేజి పెరుగుతుంది. 1879లో అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ గుర్తించిన ప్రభావమే దీనికి ఆధారం. సెన్సర్‌లో రాపిడి లేదు కనుక దానికి అరుగుదల ఉండదు, నాకు ఈ రకమే నచ్చుతుంది. నా పాత థ్రాటిల్ సగం పొడవు గ్రిప్పుది. అరచేతిలో సగం తిరిగే భాగం మీద, సగం కదలని భాగం మీద ఆనేది. పైగా తిప్పడం మొదలుపెట్టాక కొంత దూరం ఏమీ జరగక, ఆపైన ఒక్కసారిగా అందుకునేది. పూర్తి పొడవు గ్రిప్పుతో, గట్టి స్ప్రింగుతో వచ్చే హాల్ థ్రాటిల్ తెచ్చుకున్నాను.

మూడు తీగలు: 5 వోల్టుల సరఫరా, గ్రౌండు, సిగ్నల్. కనెక్టర్ ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపలి పిన్నుల వరుస ఒకటే అనుకోరాదు. ఎరుపు, నలుపు రంగులను కూడా పూర్తిగా నమ్మకుండా, కంట్రోలర్ వైపు కనెక్టర్‌లో ఏ పిన్నులో 5 వోల్టులు వస్తున్నాయో, ఏది గ్రౌండో మల్టీమీటర్‌తో చూసి రాసుకున్నాను. కొత్త థ్రాటిల్ వరుస వేరుగా ఉండటంతో దాని పిన్నులను కనెక్టర్ నుంచి తీసి సరైన స్థానాల్లో తిరిగి గుచ్చాను. తీగను కత్తిరించి టేపు చుట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఈ తీగల్లో ఏది తెగితే ఏమవుతుందన్నది చాలా ముఖ్యం: సరఫరా తీగ తెగితే సిగ్నల్ సున్నాకు పడి బండి ఆగుతుంది, కానీ గ్రౌండు తీగ తెగితే హాల్ సెన్సర్ సిగ్నల్ సరఫరా వోల్టేజి దగ్గరికి ఎగబాకగలదు, అంటే పూర్తి థ్రాటిల్ ఇచ్చినట్లు లెక్క. ఈ ప్రమాదాన్ని పట్టుకోవడానికే చాలా కంట్రోలర్లలో సిగ్నల్ ఒక పై హద్దు దాటితే లోపంగా భావించి మోటారును ఆపే ఏర్పాటు ఉంటుంది. కొన్ని బండ్ల థ్రాటిళ్ళలో రెండు సెన్సర్లు పెట్టి, రెండింటి లెక్క కుదరకపోతే శక్తిని నిలిపివేస్తారు. అటువంటి రెండు సెన్సర్ల థ్రాటిల్ ఉన్న బండికి ఒకే సెన్సర్‌ది వేయడం ఒక రక్షణను తీసివేయడమే. నాది మొదటి నుంచీ ఒకే సెన్సర్ బండి, అయినా పై హద్దు రక్షణ నా కంట్రోలర్‌లో ఉందని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్ళాను. సిగ్నల్ తీగను మోటారుకు కరెంటు తీసుకెళ్ళే ఫేజ్ తీగలకు దూరంగా, ఫ్రేము రెండో వైపు నుంచి నడిపించాను.

తీగలు కుదిరాక సిగ్నల్ కొలిచాను. వదిలేసినప్పుడు 0.85 వోల్టుల దగ్గర, పూర్తిగా తిప్పినప్పుడు 4 వోల్టులకు కొంచెం తక్కువగా నిలిచింది. పాతది పైన 3.6 దాటేది కాదు. కంట్రోలర్ పాత హద్దులతోనే ఉంటే గ్రిప్పు చివరి భాగం వృథా అవుతుంది. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో ఆరంభపు వోల్టేజిని 1.0 దగ్గర, చివరి వోల్టేజిని 3.8 దగ్గర పెట్టాను. కింద వదిలిన ఆ చిన్న ఖాళీయే నాకు అన్నిటికన్నా విలువైనది. ఎండకూ చలికీ సెన్సర్ వోల్టేజి కొద్దిగా అటూ ఇటూ జరిగినా, చేయి గ్రిప్పు మీద బరువుగా ఆనినా, సున్నా సున్నాగానే ఉండాలి. బండి శబ్దం చేయదు కనుక అది కదలడానికి సిద్ధంగా ఉందన్న హెచ్చరిక చెవికి అందదు. ఆ తరువాత గ్రిప్పు తిప్పే కొద్దీ టార్క్ పెరిగే తీరును (వంపును) సరిచేశాను: మొదటి మూడోవంతు తిప్పుడులో టార్క్ నెమ్మదిగా పెరిగి, పై భాగంలో త్వరగా అందేటట్లు పెట్టుకున్నాను. ఇది మరీ మెత్తగా పెడితే ట్రాఫిక్‌లోంచి బయటపడవలసిన చోట బండి ఆలస్యంగా స్పందిస్తుంది, కనుక ఒక్కో మెట్టు మార్చి నడిపి చూస్తూ నా చేతికి సరిపోయిన చోట ఆపాను.

రోడ్డు ఎక్కే ముందు వెనక చక్రం గాలిలో ఉండగానే కొన్ని పరీక్షలు చేశాను. బార్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పినప్పుడు చక్రం తనంతట తాను కదలకూడదు. కదిలితే ఎక్కడో తీగ లాగబడుతున్నట్లు. ప్రతి స్థానంలో గ్రిప్పును పూర్తిగా తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. తిరుగుతున్న చక్రం మీద బ్రేకు లివర్ కొద్దిగా నొక్కగానే మోటారు శక్తి ఆగాలి, ఎందుకంటే లివర్‌లోని చిన్న స్విచ్చు కంట్రోలర్‌కు ఆ సంగతి చెప్పాలి. నా ఎడమ లివర్ కొత్త కోణంలో ఆ స్విచ్చును ఆలస్యంగా నొక్కుతున్నదని ఇక్కడే బయటపడింది. దాని స్క్రూను సరిచేశాక బ్రేకు పట్టకముందే మోటారు ఆగడం మొదలైంది. స్టాండు వేసి ఉంటే కదలనివ్వని స్విచ్చునూ, కిల్ స్విచ్చునూ కూడా చూసుకుని, ఖాళీ స్థలంలో అతి తక్కువ పవర్ మోడ్‌లో నడిపాను.

గతుకుల మీద కుదుపు చాలావరకు పోయింది. మలుపులో సగం థ్రాటిల్‌ను నిలకడగా పట్టుకోవడం ఇప్పుడు వీలవుతున్నది, అది ముందు నాకు సాధ్యపడలేదు. మణికట్టు నొప్పి పూర్తిగా తగ్గలేదు గాని, చాలా దూరం వెళ్ళాకే మొదలవుతుంది. కొంతకాలం నడిపాక క్లాంపు బోల్టులు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూశాను, ఒకటి కొద్దిగా బిగువు కోల్పోయి ఉంది. థ్రాటిల్ కనెక్టర్‌ను నీరు చేరని చోటికి, బార్ కింది కవరు లోపలికి మార్చాను. వాన తరువాత దాన్ని విప్పి, పిన్నులు పొడిగా ఉన్నాయో లేదో చూసి, వదిలినప్పటి సిగ్నల్‌ను మరొకసారి కొలిచి రాసుకుంటున్నాను.