ఏడు మెడపూసలు, ఎనిమిదో నాడి

నిన్న ఫలితాలు వచ్చాయి. అనాటమీ గట్టెక్కింది, రెండో ప్రయత్నంలో. మొదటిసారి ఎక్కడ బోల్తాపడ్డానో చెబితే మీలో కొందరికైనా పనికొస్తుంది.

అప్పటి వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న: "సీ8 నాడి ఎక్కడి నుంచి బయటికి వస్తుంది?" సీ8 అంటే మెడ దగ్గర వెన్నుపాము నుంచి వచ్చే ఎనిమిదో నరం. తడుముకోకుండా "ఎనిమిదో మెడపూస కింది నుంచి" అన్నాను. ఆయన ఎముకల పెట్టె నా ముందుకు జరిపి, "ఆ పూస తీసి చూపించండి" అన్నారు. మెడపూసలు ఏడే కదా! ఆ తర్వాత తెలిసినవి అడిగినా నోరు పెగల్లేదు.

చదవక తప్పానని అనుకోకండి. మెడ, ఛాతీ, నడుము, నడుము కింద, తోక వరుసలో పూసలు 7, 12, 5, 5, 4, మొత్తం 33. నాడులు 8, 12, 5, 5, 1, మొత్తం 31 జతలు. రెండూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కానీ రెండు వరుసలనూ ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూడలేదు.

తప్పాక చేసిన మొదటి పని, పెద్ద కాగితం మీద వెన్నెముకంతా గీయడం. మొదటి నాడి పుర్రెకు, మొదటి మెడపూస అయిన అట్లాస్‌కు నడుమ నుంచి వస్తుంది. అంటే మెడలో మొదటి ఏడు నాడులూ తమ అంకె ఉన్న పూసకు పైనుంచే వస్తాయి. సీ7కు (ఏడో మెడపూస), టీ1కు (మొదటి ఛాతీపూస) మధ్య ఒకటి మిగిలిపోతుంది. అదే సీ8. అక్కడి నుంచి కిందివన్నీ తమ పూసకు కింది నుంచి వస్తాయి.

ఆ బొమ్మలోనే మిగతా చిక్కులూ విడిపోయాయి. పెద్దవాళ్లలో వెన్నుపాము దాదాపు ఎల్1, ఎల్2 నడుంపూసల దగ్గరే ఆగిపోతుంది. కింది నాడులు తమ రంధ్రాల దాకా దిగాలి కాబట్టి కాడా ఈక్వినా, అంటే గుర్రపు తోక, ఏర్పడుతుంది. లంబార్ పంక్చర్ సూదిని, అంటే వెన్నులోంచి ద్రవం తీసే సూదిని, ఎల్3-ఎల్4 మధ్యనో, ఎల్4-ఎల్5 మధ్యనో గుచ్చేది అందుకే, అక్కడ వెన్నుపాము ఉండదు. ఎల్4-ఎల్5 పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ వెనక పక్కకు జారితే సాధారణంగా నలిగేది ఎల్5 నాడి వేరు, ఎందుకంటే ఎల్4 అప్పటికే పైనుంచి బయటపడి ఉంటుంది.

పేర్లకు అర్థాలు వెతుక్కోండి. వెన్నుపాము పైపొర డ్యూరా మేటర్ గట్టి తల్లి, దాని లోపలి పొర అరాక్నాయిడ్ సాలెగూడు లాంటిది, తోకఎముక కాక్సిక్స్ కోకిల ముక్కు. ఫోను పక్క గదిలో పెట్టి చదవండి, ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నాను.

ఈసారి సీ8 ఎవరూ అడగలేదు. అట్లాస్ చేతికిచ్చి, దీని బాడీ (పూస ముందుండే దిమ్మ) ఏమైందన్నారు. పెట్టెలోంచి రెండో మెడపూస యాక్సిస్ తీసి, దాని మీద పంటిలా నిలిచిన డెన్స్ చూపించాను. అట్లాస్ బాడీయే అలా మారింది.