గంజి పారబోయకుండా వండిన పాస్తా

దీపావళికి ఇంటికి వచ్చినప్పుడు మొదటిసారి పాస్తా వండాను. ఉడికాక అంటుకుపోతుందేమోనని భయపడి, కుళాయి కింద చన్నీళ్లతో బాగా కడిగేశాను. టమాటా గుజ్జంతా గిన్నె అడుక్కి జారిపోయింది, పాస్తా చప్పగా మిగిలింది. నాన్న ఏమీ అనలేదు. నాలుగు చెంచాలు తిని, కాస్త పెరుగన్నం పెట్టమన్నారు. ఆ మాట చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

సంక్రాంతి సెలవులకు విజయనగరం వచ్చినప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. పొద్దున్నే అమ్మతో దాసన్నపేట రైతుబజార్‌కి వెళ్లాను. జనవరి కదా, ఎటు చూసినా చిక్కుళ్లే. గింజ ముదరని లేత చిక్కుళ్లు పావుకిలో, పచ్చి బఠాణీ కాయలు పావుకిలో, నాటు టమాటాలు అరకిలో, రెండు క్యారెట్లు తీసుకున్నాం. టమాటాల్లో గట్టివి వదిలేసి, బాగా పండి మెత్తబడినవే ఏరాను. క్యాప్సికమ్ లేకుండా పాస్తా ఏంటని చెల్లి అంది గానీ, అంత మంచి చిక్కుళ్లు కళ్ల ముందు ఉంటే నాకు దాని మీదకు మనసు పోలేదు.

పాస్తా ప్యాకెట్ ఈసారి వెనక్కి తిప్పి చదివి కొన్నాను. డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసింది ఉడికినా బిగువుగా ఉంటుంది, మైదాది తొందరగా మెత్తబడిపోతుంది.

నలుగురికి 300 గ్రాముల పెన్నె, అంటే గొట్టాల్లా ఉండే పాస్తా, మూడు లీటర్ల నీళ్లు, లీటరుకు 10 గ్రాముల లెక్కన ఉప్పు. నీళ్లు మరుగుతుండగా పక్క పొయ్యి మీద నూనెలో వెల్లుల్లి ముక్కలు సన్నని సెగన వేయించి, రెండు ఎండుమిర్చి తుంచి వేసి, టమాటాలు చేత్తో చిదిపి వేశాను. నూనె తేలేదాకా మగ్గనిచ్చాను. పీచు తీసి తుంచిన చిక్కుళ్లు పాస్తాతో పాటే నీళ్లలో వేశాను. ఆరు నిమిషాలయ్యాక క్యారెట్ ముక్కలు, బఠాణీలు. ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంది. తొమ్మిదో నిమిషంలో ఒకటి తీసి విరిచి చూస్తే మధ్యలో సన్నని తెల్లచుక్క కనిపించింది. మిగతా ఉడుకు టమాటాలో పూర్తవుతుందని దించేశాను.

గిన్నె సింకు దగ్గరకు తీసుకెళ్లి వంచబోతుంటే అమ్మ గబగబా వచ్చింది.

“గంజి పారబోసేస్తన్నావేటే?”

మా ఇంట్లో అన్నం వార్చే రోజుల్లో గంజి ఎప్పుడూ వృథా పోయేది కాదు. ఆగి గిన్నెలోకి చూశాను. నీళ్లు తెల్లగా, కాస్త చిక్కగా ఉన్నాయి. పాస్తా ఉడికిన నీళ్లు కొన్ని ఉంచుకోవాలని ఎక్కడో చదివాను గానీ, ఎందుకో బుర్రకెక్కలేదు. అమ్మ గంజి అనగానే అర్థమైంది. అది పాస్తా నుంచి దిగిన పిండి. నూనె, టమాటా రసం విడిపోకుండా కలిపి, పాస్తాకి పట్టించేది అదే. దీపావళికి నేను కుళాయి కింద కడిగేసిందీ దాన్నే.

ఒక గ్లాసు గంజి తీసి పెట్టుకుని, మిగతాది వార్చేశాను. పాస్తా, కూరగాయలు టమాటాలో వేసి, రెండు గరిటెల గంజి పోసి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు కలిపాను. నీళ్లగా ఉన్నది చూస్తుండగానే చిక్కబడి, నిగనిగలాడుతూ ప్రతి గొట్టాన్నీ చుట్టుకుంది. టమాటాలోకి ఉప్పు విడిగా వేయలేదు, గంజిలో ఉన్నదే సరిపోయింది. నాన్నకి చీజ్ వాసన పడదు. అందుకని పలాస జీడిపప్పు దోరగా వేయించి, బరకగా దంచి పైన చల్లాను.

నాన్న గిన్నె ముందుకు జరిపి రెండోసారి పెట్టమన్నారు. పెరుగన్నం ఊసు రాలేదు.

నేను హైదరాబాద్ తిరిగి వచ్చిన వారానికి సాయంత్రం పూట అమ్మ ఫోన్ చేసింది. వెనక నుంచి నీళ్లు మరుగుతున్న చప్పుడు.

“గంజి ఎంత ఉంచమన్నావే?”

“ఒక గ్లాసు చాలమ్మా.”