రెండంగుళాల మట్టి, దాని కింద రాయి

అగ్రికల్చర్ బీఎస్సీ చేసి హవాయి వెళ్లానంటే వైజాగ్‌లో సగం మంది అడిగేది బీచ్ గురించే. కాస్త వ్యవసాయం తెలిసినవాళ్లు మాత్రం "అగ్నిపర్వతం మట్టి కదా, బంగారం పండుతుందట కదా" అంటారు. అనకాపల్లి దగ్గర చెరుకు వేసే మా బాబాయ్ అయితే ఫోన్‌లో నేరుగా "ఏటిరా, అక్కడ ఎరువు ఎయ్యక్కర్లేదంట కదా?" అని అడిగేశాడు. ఎరువు మూటలు మోసి మోసి భుజాలు పట్టేసి ఉన్న రోజున అడిగాడు ఆ ప్రశ్న.

అగ్నిపర్వతం మట్టి సారవంతం అనేది అబద్ధం కాదు, కానీ ముందు మట్టి ఉండాలి కదా. నేను జె-1 వీసా (పని నేర్చుకోడానికి అమెరికా ఇచ్చేది) మీద ట్రైనీగా పనిచేసింది హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదైన బిగ్ ఐలాండ్‌లో, పూనా అనే వైపు, కీలవేయా అగ్నిపర్వతం వాలు మీద ఉన్న మకడేమియా తోటలో, అంటే జీడిపప్పులా తినే ఒక రకం గింజల తోటలో. కీలవేయా ఉపరితలంలో దాదాపు 90 శాతం మీద పరుచుకున్న లావా వయసు 1,100 ఏళ్ల లోపే. మా తోట కింద ఉన్నదీ అలాంటి కుర్ర లావానే. దాని మీద ఎప్పుడో పడిన బూడిద, కుళ్లిన ఆకు కలిసి ఒక పలచటి పొర. ఒకచోట రెండంగుళాలు, ఇంకోచోట జానెడు, పక్క చెట్టు దగ్గర అసలేమీ లేదు, ఒట్టి నల్లరాయి.

మన వైజాగ్ మధురవాడలో ఇంటికి పునాది తీసేటప్పుడు చూడండి. ముందు ఎర్రమట్టి, తర్వాత గ్రావెల్, ఆ తర్వాత చేత్తో నలిపితే పొడి అయ్యే మెత్తటి రాయి, గట్టిరాయి తగలాలంటే చాలా లోతుకు పోవాలి. మన కొండల్లో ఉండే ఖొండలైట్ అనే రాయి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాట, ఎండకీ వానకీ అంతకాలం నానింది మరి. పూనాలో గునపం వేస్తే మొదటి దెబ్బకే ఠంగుమంటుంది, మోచేతి దాకా జివ్వుమంటుంది. ఇంకో సంగతి చెప్తే మా బాబాయ్ నమ్మలేదు: ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి పుట్టింది కూడా లావా రాతి నుంచే, అదే బసాల్ట్. ఆ లావా పారి 6.6 కోట్ల ఏళ్లయింది, పూనాలోది నిన్నగాక మొన్నటిది. రాయి ఒకటే జాతి, వయసే తేడా.

అక్కడ లావా రెండు రకాలు. పహోయిహోయి అనేది నున్నగా పలకలా గడ్డకడుతుంది, పగులు లేనిచోట వేరు దిగదు. ఆ-ఆ అనేది గరుకు ముక్కల గుట్ట, బూటు అడుగు కూడా కోసేస్తుంది, కానీ రైతుకి అదే నయం. బుల్డోజర్‌తో చీల్చి, నలగ్గొట్టి, చదును చేసి, గుంతలో కాస్త మట్టి పోసి మొక్క పెడతారు. మన దగ్గర దుక్కి దున్నడం అంటే నాగలో ట్రాక్టరో, అక్కడ దుక్కి అంటే బుల్డోజర్ రాయి నలిపే మోత. ఇక్కడేమో కొండల్ని తొలిచి గ్రావెల్ లారీల్లో తోలుకుపోతున్నారు, అక్కడ రాయిని పిండి చేసి మట్టి అనిపించుకోవాలని చూస్తున్నారు. సెలవుకి వచ్చినప్పుడు ఆనందపురం రోడ్డు మీద ఆ లారీలు చూస్తే ఒళ్లు మండేది.

ఎరువు సంగతికొస్తే, కొత్త లావాలో భాస్వరం రాయిలోనే కొంత ఉంటుంది, నత్రజని మాత్రం దాదాపు సున్నా. రాతిలో ఉండదది, గాలి నుంచి, ఆకుల నుంచి, సూక్ష్మజీవుల ద్వారా మెల్లగా చేరాలి. అదే హవాయిలో కవాయి అనే పాత దీవిలో, 40 లక్షల ఏళ్ల నేలల్లో, వరస తిరగబడుతుంది, నత్రజని ఉంటుంది గానీ భాస్వరానికి కరువు. మా తోటలో యూరియా ఒకేసారి వేస్తే వృథా. పక్కనున్న హీలో పట్నంలో ఏడాదికి మూడు మీటర్లకు పైగా వాన, అంటే వైజాగ్‌కి దాదాపు మూడు రెట్లు. పట్టి ఉంచే మట్టి లేక వేసిందంతా రాళ్ల సందుల్లోంచి కిందకి పోతుంది. అందుకే కొంచెం కొంచెంగా, మాటిమాటికీ వెయ్యాలి. అంటే మాటిమాటికీ మొయ్యాలి.

ఇంత వాన పడినా పూనాలో చెప్పుకోదగ్గ ఏరు లేదు, చాలా ఇళ్లలో పైకప్పు మీద పడ్డ వాననీళ్లే ట్యాంకులో పట్టుకుని వాడతారు. కుండపోత కురిసిన గంటకి తోటలో బురద ఉండదు. రెండు వారాలు వాన ఎగ్గొడితే మాత్రం చెట్టు ఆకు వాలిపోతుంది.

కాయ ఏరడమే అసలు పని. మకడేమియా కాయ పండి తనంతట తాను రాలుతుంది, నేల చదునుగా ఉన్న తోటల్లో మెషిన్ తిరిగి ఏరుకుపోతుంది. మా దగ్గర రాళ్ల మధ్య మెషిన్ ఎక్కడ తిరుగుతుంది? మోకాళ్ల మీద కూర్చుని, ఆకులు పక్కకి తోసి, సందుల్లో వేళ్లు పెట్టి ఏరాలి. గ్లవ్స్ వేళ్ల కొసల దగ్గరే ముందు చిరుగుతాయి. నాతో పాటు ఏరే ఒక ఫిలిప్పీన్స్ పెద్దావిడ ఉండేది, ఇలొకానో మాట్లాడేవాళ్ల అలవాటు ప్రకారం అందరం మనాంగ్ అనేవాళ్లం, అంటే అక్క. ఆవిడ చూపు నేల మీదే ఉండేది, చెయ్యి కాయ మీద ఉండేది, నోరు నా పెళ్లి గురించి మాట్లాడేది. నేను ఒక సంచి నింపేలోగా ఆవిడ రెండోది కట్టేసేది. చేత్తో ఏరేవాళ్లకి తూకం లెక్కన కూలీ, మాకు స్టైపెండ్, అందులోంచి గది అద్దె కోత. ఆ కోత ఎంతో ముందు చెప్పలేదు, అక్కడికి వెళ్లాక కాగితం చూపించారు. దాని మీద ఏడాదంతా కోపంగానే ఉన్నాను.

వేర్లు కిందకి దిగే దారి లేక చాప పరిచినట్టు పైపైనే పాకుతాయి, పెద్ద గాలొస్తే చెట్టు వేళ్లతో సహా పడిపోతుంది. 2014 ఆగస్టులో ఇసెల్ తుఫాను పూనాని తాకింది, అక్కడివాళ్లు ఇప్పటికీ "ఇసెల్‌కి ముందు, ఇసెల్ తర్వాత" అని లెక్కపెడతారు. అదే ఏడాది అక్టోబరులో మనకి హుద్‌హుద్. మనాంగ్ ఆ రాత్రి గురించి చెబుతుంటే బీచ్ రోడ్డులో పడిపోయిన చెట్లే కళ్లముందు మెదిలాయి. తుఫానుతో సరిపెట్టుకున్నా బాగుండేది, 1960లో అక్కడి కపోహో ఊరిని లావా కప్పేసింది, ఆ చుట్టుపక్కలే బొప్పాయి తోటలు లేచాయి, 2018లో మళ్లీ లావా వచ్చి ఆ తోటల్లో చాలా భాగాన్నీ 700కు పైగా కట్టడాలనీ మింగేసింది.

బాబాయ్ విన్న "బంగారం పండే" నేల కూడా ఆ దీవిలోనే ఉంది, ఉత్తరాన హమాకువా వైపు. మౌనాకియా అనే ఇంకో అగ్నిపర్వతం వాలు మీద పాత బూడిద పొరలు లోతుగా ఉంటాయి, 1990ల దాకా చెరుకు వేసింది అందులోనే. ఒక ఆదివారం అటు వెళ్లి పిడికెడు తీశాను. పైకి మామూలు చెమ్మమట్టే, వేళ్ల మధ్య గట్టిగా నలిపితే జారుడుగా మారి నీళ్లు బయటికొస్తాయి. తేలిక కూడా. భాస్వరం వేస్తే మొక్కకి ఇవ్వకుండా తానే పట్టేసుకుంటుంది, అదొక తలనొప్పి, కానీ ట్రాక్టర్ నడిచే నేల. ఓ పిడికెడు పట్రా అన్నాడు బాబాయ్. హవాయి నుంచి మట్టి బయటికి పోనివ్వరు, ఎయిర్‌పోర్టులో తనిఖీ ఉంటుంది.

ఈ జె-1 వీసా మీద వెళ్లే పిల్లలు కన్సల్టెన్సీని ఏ పంట అని మాత్రమే అడుగుతున్నారు. తోట ఏ నేల మీద ఉందో, కాయ మెషిన్ ఏరుతుందా మనిషి ఏరాలా, అద్దె స్టైపెండ్‌లో కోస్తారా, ఇవి కాగితం మీద రాయించుకోండి. పూనా వైపు అని తేలితే మోకాలి ప్యాడ్లు, మందపాటి గ్లవ్స్ నాలుగైదు జతలు వైజాగ్ పూర్ణా మార్కెట్‌లోనే కొనేసుకోండి, హీలోలో ధర చూశాక రూపాయల్లోకి లెక్కేస్తే కొనబుద్ధి కాదు.