ఓటు వేసి ఓడించిన చట్టం

మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ నగరానికి కొంచెం దక్షిణాన, కార్ల ఇంజిన్లకు విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా కర్మాగారంలో నేను నాణ్యతా విభాగం ఉద్యోగిని. ఈ రాష్ట్రంలో మన తెలుగువాళ్లు ఎక్కువగా నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్, ట్రాయ్ ప్రాంతాల్లో ఉంటారు. వాళ్లలో చాలామందివి కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగాలు కనుక, అమెరికా రాజకీయాలు వాళ్లదాకా వచ్చేది హెచ్-1బీ, గ్రీన్‌కార్డు వార్తలుగానే. నేను మాత్రం ఆ రాజకీయాలను మా భోజనాల గదిలో, చేతుల నూనె కడుక్కుని వచ్చి డబ్బా తెరిచే మనుషుల నోట విన్నాను.

ఆ గదిలో పార్టీల మీద కొట్లాట ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు గానీ, నాకు అది అరుదుగా కనిపించింది. టీవీలో ఏ నాయకుడు కనబడినా ఎవరో ఒకరు లేచి చానల్ మారుస్తారు, మిగిలినవారు అభ్యంతరం చెప్పరు. ఎవరొచ్చినా మనకు ఒరిగేదేమీ లేదన్న మాట మన ఊళ్లలోనూ వింటాం. కానీ మన దగ్గర ఆ మాట అన్నవాడే తెల్లవారుజామున వెళ్లి పోలింగ్ కేంద్రం ముందు వరుసలో నిలబడతాడు, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతానికి పైగా పోలింగ్ జరగడం అందుకు నిదర్శనం. ఇక్కడి మాట వెనుక వేరే చరిత్ర ఉంది. దాన్ని నాకు ఓపికగా వివరించినవారు మా షాప్‌ఫ్లోర్‌లో లేత్ దగ్గర పనిచేసే ఒక పెద్దమనిషి. ఫ్లింట్‌లోనే పుట్టారు, ఆయన తండ్రి బ్యూక్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు.

జనరల్ మోటార్స్ 1908లో పుట్టింది ఫ్లింట్‌లోనే. 1936 డిసెంబరు చివరి నుంచి 1937 ఫిబ్రవరి దాకా కార్మికులు ఫ్యాక్టరీల లోపలే బైఠాయించి యూనియన్‌కు గుర్తింపు సాధించుకున్నదీ అక్కడే. 1970లలో ఆ ఒక్క ప్రాంతంలోనే కంపెనీకి దాదాపు 80 వేల మంది పనివాళ్లు ఉండేవారు, ఇప్పుడు 10 వేలకు లోపే. బ్యూక్ సిటీ అనే ఆ కంపెనీ కార్ల కర్మాగారం 1999లో మూతబడింది. మెక్సికోతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్ని చర్చించి కుదిర్చింది రిపబ్లికన్ అధ్యక్షుడైతే, దాన్ని కాంగ్రెస్‌లో నెగ్గించి 1994 నుంచి అమల్లోకి తెచ్చింది డెమోక్రాట్ అధ్యక్షుడు. అందుకే ఆ పెద్దమనిషి ఏ ఒక్క పార్టీనీ విడిగా తిట్టరు. అయినా, ఉద్యోగాలు పోయినందుకు ఆయనకు అంత కోపం లేదనే నాకు అనిపిస్తుంది. ఆ నష్టంలో యంత్రాల పాత్ర, జపాన్ కార్ల పాత్ర ఆయనకు బాగా తెలుసు. ఆయన్ను నిజంగా విరిచేసింది తర్వాత జరిగిన సంగతి.

2011లో గవర్నర్ రిక్ స్నైడర్ హయాంలో పబ్లిక్ యాక్ట్ 4 అనే చట్టం వచ్చింది. అప్పుల్లో కూరుకుపోయిన నగరానికి రాష్ట్రం ఒక ఎమర్జెన్సీ మేనేజరును నియమించవచ్చు, ఆయన వచ్చాక ఎన్నికైన మేయరుకు, కౌన్సిలుకు కుర్చీలు తప్ప అధికారం మిగలదు. ఎన్నికలు జరపకుండా మున్సిపాలిటీలను ఏళ్ల తరబడి స్పెషల్ ఆఫీసర్ల చేతిలో పెట్టడం చూసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. మిషిగన్ జనం సంతకాలు సేకరించి, ఆ చట్టాన్ని 2012 నవంబరులో రాష్ట్రమంతటా ఓటుకు పెట్టించి ఓడించారు. నెలన్నర తిరక్కముందే శాసనసభ కొద్ది మార్పులతో పబ్లిక్ యాక్ట్ 436 పేరిట దాదాపు అదే చట్టాన్ని ఆమోదించింది, డిసెంబరు నెలాఖరులో గవర్నర్ సంతకం చేశారు. ఈసారి అందులో కొంత నిధుల కేటాయింపు కూడా చేర్చారు, ఎందుకంటే రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం నిధులు కేటాయించే చట్టం మీద ప్రజలు రెఫరెండం, అంటే దాన్ని ఉంచాలో వద్దో తేల్చే ఓటు, కోరడానికి వీల్లేదు. ఓటు వేసి ఓడించిన చట్టం, ఇక ఓటు వేయడానికే వీల్లేని రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. అమెరికా ప్రజాస్వామ్యం గురించి నేను చదివిన ఏ పాఠ్యపుస్తకం కంటే ఈ ఒక్క సంగతి నాకు ఎక్కువ నేర్పింది.

అలా నియమితులైన మేనేజర్ల పాలనలోనే 2014 ఏప్రిల్ 25న ఫ్లింట్ నీటి సరఫరాను డెట్రాయిట్ నుంచి ఫ్లింట్ నదికి మార్చారు. డబ్బు ఆదా అవుతుందన్నారు, అధికారులు గ్లాసులెత్తి ఆ నీళ్లు తాగి వేడుక చేసుకున్నారు. నీరు పైపులను తినేయకుండా అందులో కలపవలసిన ఫాస్ఫేటును మాత్రం కలపలేదు. దానికి అయ్యే ఖర్చు రోజుకు వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ ఉండేదని నిపుణులు తర్వాత లెక్కగట్టారు. పాత సీసపు పైపుల నుంచి సీసం నీళ్లలోకి దిగింది. అదే కాలంలో లీజనేర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించి కనీసం 12 మంది చనిపోయారు.

నాణ్యతా విభాగంలో పనిచేసేవాడిగా నా మనసులో నాటుకుపోయిన వివరం వేరే ఉంది. 2014 అక్టోబరులో జనరల్ మోటార్స్ తన ఫ్లింట్ ఇంజిన్ ప్లాంటులో ఆ నీటి వాడకం మానేసింది, దానితో విడిభాగాలు తుప్పు పడుతున్నాయని. కంపెనీకి వేరే నీరు ఏర్పాటయింది. మా వృత్తిలో ఒక భాగం మీద తుప్పు మచ్చ కనిపిస్తే ఆ లాటు మొత్తం పక్కన పెట్టి, కారణం తేలేదాకా గేటు దాటనివ్వం. ఇనుముకు పనికిరాదని తేలిన నీటిని పిల్లల పాలసీసాల్లోకి మరో ఏడాది పాటు వదిలారు. 2015 మార్చిలో నగర కౌన్సిల్ 7-1 ఓట్లతో తిరిగి డెట్రాయిట్ నీరు తేవాలని తీర్మానిస్తే, మేనేజరు అది అర్థం లేని తీర్మానమని కొట్టిపారేశారు. గోధుమరంగు నీళ్లు పట్టిన సీసాలను సభలకు తెచ్చి చూపించిన తల్లుల మాట చెవిన వేసుకున్నవారు లేరు. చివరికి వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందంతో కలిసి జనమే ఇంటింటా నమూనాలు పట్టారు. 2015 సెప్టెంబరులో మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టరు, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని చూపే పరీక్షల ఫలితాలను బయటపెట్టారు. ఆమె లెక్కలు తప్పని మొదట కొట్టిపడేసిన రాష్ట్ర ప్రభుత్వం, కొద్దిరోజుల్లోనే మాట మార్చుకోవలసి వచ్చింది. అక్టోబరులో డెట్రాయిట్ నీళ్లు తిరిగి వచ్చాయి, అప్పటికే పైపులు పాడైపోయాయి.

2016 మేలో అధ్యక్షుడు ఒబామా వచ్చి, వడపోసిన నీటిని సభలో ఒక గుక్క తాగి చూపించారు. ఆయనకు రెండుసార్లు ఓటు వేసిన మా పెద్దమనిషి ఆ గుక్కను ఇప్పటికీ క్షమించలేదు. ఆ నవంబరు అధ్యక్ష ఎన్నికల్లో ఆయన ఓటు వేయలేదు. మిషిగన్‌లో ట్రంప్ 10,704 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2018 ఏప్రిల్‌లో రాష్ట్రం ఉచిత మంచినీళ్ల సీసాల పంపిణీ ఆపేసింది. ఏడాదికి 200 డాలర్ల రుసుముతో భూగర్భజలం తోడుకుంటున్న నెస్లేకు మరింత తోడుకునే అనుమతి దొరికిందీ అదే నెలలో. 2021 జనవరిలో మాజీ గవర్నరుతో సహా తొమ్మిది మంది మీద నేరారోపణలు మోపారు. ఒక్క జడ్జి రహస్య విచారణతో అభియోగాలు ఖరారు చేయడం చెల్లదని 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది, 2023 చివరికి కేసులన్నీ ముగిసిపోయాయి. ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. 62.6 కోట్ల డాలర్ల పరిహారాన్ని 2021 నవంబరులో కోర్టు ఆమోదించినా, ఆ డబ్బు చేతికందడానికి జనం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. సీసపు పైపులను మార్చడం కూడా ప్రభుత్వం తనంతట తాను చేసింది కాదు. ఊరివాళ్లు కోర్టుకు వెళితే 2017లో ఒప్పందం కుదిరింది. మూడేళ్లలో పూర్తి కావలసిన ఆ పని 2025 దాకా సాగింది.

మా పెద్దమనిషి ఇదంతా చెప్పేటప్పుడు గొంతు పెంచరు. నాయకుల రాకపోకల గురించి చెప్పేటప్పుడే కాస్త వెటకారం తొంగిచూస్తుంది. 2023 సెప్టెంబరులో కార్ల కార్మికుల సమ్మె జరుగుతుండగా 26న అధ్యక్షుడు బైడెన్ డెట్రాయిట్ శివార్లలో సమ్మె శిబిరానికి వచ్చి మెగాఫోను పట్టుకున్నారు. మర్నాడే ట్రంప్ క్లింటన్ టౌన్‌షిప్‌లో యూనియన్ లేని ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో సభ పెట్టారు. యూనియన్ లేని విడిభాగాల ఫ్యాక్టరీయే అయిన మా గదిలో ఆ రెండు రోజులూ టీవీ చానల్ మారుతూనే ఉంది. సమ్మె చేసినవాళ్లకు చివరికి 25 శాతం జీతం పెంపు వచ్చింది. అది ఆరు వారాలు గేటు ముందు నిలబడితే వచ్చిందే గానీ మెగాఫోనుతో వచ్చింది కాదని అందరూ ఒప్పుకున్నారు.

నా సొంత అనుభవం దీనిముందు చిన్నదే అయినా, స్వభావం ఒకటే. 2025 సెప్టెంబరు 19 శుక్రవారం, కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన వెలువడింది, ఆదివారం నుంచే అమలన్నారు. దసరాకు ఊరెళ్లినవాళ్లు ఉన్నపళంగా తిరుగు టికెట్ల కోసం పరుగులు తీశారు, వెళ్లబోయినవాళ్లు ప్రయాణం మానుకున్నారు. ఆ రుసుము కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదన్న వివరణ శనివారం గానీ రాలేదు. ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న 1990 నాటి పరిమితి కారణంగా గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న నాకు ఇక్కడ ఓటు లేదు, ఊరికి వెళితే తప్ప అక్కడా లేదు. సోమవారం నేను ఈ గొడవ చెబితే మా గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముందు నిర్ణయం, తర్వాత వివరణ వాళ్లకు కొత్త కాదు.

ఒక్క విషయంలో మా పెద్దమనిషితో నాకు ఇప్పటికీ పేచీ ఉంది. అధ్యక్ష ఎన్నికల్లో ఓటు మానేయడాన్ని నేను ఒప్పుకోలేను, ఓటు లేనివాడికి అది కడుపు మండే విషయం. దానికి ఆయన సమాధానం సూటిగా ఉంటుంది: స్కూలు బోర్డు, కౌన్సిల్, ఆస్తిపన్ను ప్రతిపాదనల ఓటు ఆయన ఒక్కసారి కూడా వదల్లేదు, ఎందుకంటే అక్కడ గెలిచినవాడు కిరాణా కొట్లో ఎదురుపడతాడు. పబ్లిక్ యాక్ట్ 436 రద్దు కాలేదు. 2026 నవంబరులో కొత్త గవర్నరును ఎన్నుకోవాలి కనుక, ప్రచారానికి వచ్చిన ప్రతివారినీ ఆ చట్టం రద్దు చేస్తారా అని ఆయన అడుగుతున్నారు. ఈమధ్య తలుపు తట్టిన కాలేజీ కుర్రవాడికి ఆ చట్టం పేరే తెలియదట. వరండా మెట్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పి, అభ్యర్థి దగ్గర్నుంచి రాతపూర్వకంగా జవాబు తెమ్మని పంపించారట.