పేరు, ఫోన్, కింద ఒక బటన్

బుధవారం, రాత్రి

ఇవాళ పొద్దంతా ఒకటే పని. లైబ్రరీలో వేసవి కంప్యూటర్ తరగతులకు పేర్లు నమోదు చేసుకునే ఫారమ్. పేరు, ఈమెయిల్, ఫోన్, పాస్‌వర్డ్, కింద ఒక బటన్. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌ను కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఇంత చిన్న ఫారమ్‌లోనే కాబట్టి, వాళ్లకు పనికొచ్చేలా రాసిపెడుతున్నా.

ముందు ఫారమ్ ట్యాగ్. నింపిన వివరాలు ఎక్కడికి వెళ్లాలో యాక్షన్‌లో చెప్పాలి, ఎలా వెళ్లాలో మెథడ్‌లో చెప్పాలి. మెథడ్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని గెట్ అనుకుంటుంది. అప్పుడు నింపినదంతా, పాస్‌వర్డ్‌తో సహా, అడ్రస్ బార్‌లో ప్రశ్న గుర్తు తర్వాత కనిపిస్తుంది. బ్రౌజర్ హిస్టరీలో, సర్వర్ లాగ్‌లో ఉండిపోతుంది కూడా. అందుకే సైన్ అప్‌కు పోస్ట్ అన్న మెథడ్ పెట్టాలి, అది వివరాలను అడ్రస్‌లో చూపకుండా పంపుతుంది. పోస్ట్ పెట్టాక 405 (ఈ మెథడ్ ఇక్కడ చెల్లదు) అని ఎర్రర్ వస్తే తప్పు ఫారమ్‌ది కాకపోవచ్చు. ఉత్త ఫైళ్లను చూపించే హోస్టింగ్‌లో పేజీ పెడితే, పంపినదాన్ని అందుకునే ప్రోగ్రామ్ అక్కడ ఉండదు. హెచ్‌టీఎంఎల్‌కు తనంతట తాను దేన్నీ నిల్వ చేసుకోవడం రాదు. అవతల సర్వర్‌లో పీహెచ్‌పీ, పైథాన్ లాంటి భాషలో రాసిన ప్రోగ్రామ్ ఉండాల్సిందే.

ఇన్‌పుట్‌కు, అంటే నింపే పెట్టెకు, నేమ్ పెట్టడం మరిచిపోవడం మరీ ఎక్కువ. ఐడీ ఉంది కదా, చాలనుకుంటారు. ఐడీ అవసరం పెట్టె పక్కన రాసే లేబుల్‌కి, స్క్రిప్ట్‌కి. సర్వర్‌కి చేరేవి మాత్రం నేమ్ ఉన్న పెట్టెలే. లేకపోతే ఎర్రరేమీ రాదు, ఆ పెట్టె అసలు ఉన్నట్టే తెలియదు. లేబుల్‌లోని ఫర్ విలువా, ఇన్‌పుట్ ఐడీ పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. లేబుల్ మీద నొక్కితే కర్సర్ పెట్టెలోకి వెళ్లిందంటే కుదిరినట్టే. ఖాళీ పెట్టెలో లేతగా కనిపించే ప్లేస్‌హోల్డర్‌నే లేబుల్‌గా వాడొద్దు. మొదటి అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది, ఏం రాయమన్నారో మళ్లీ గుర్తుచేసుకోవాలి.

పేరు పెట్టె దగ్గర చాలాసేపు పట్టింది, పట్టాలి కూడా. ఎక్కడినుంచో తెచ్చుకున్న నమూనాల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు ఉంటాయి, రెండూ తప్పనిసరి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. చాలామంది దాన్ని ఒక్క అక్షరంగా రాస్తారు, కొందరు రాయనే రాయరు. లాస్ట్ నేమ్‌లో కనీసం మూడు అక్షరాలు కావాలని పట్టుబడితే, "కె" అని రాసుకునే మనిషి అక్కడే ఆగిపోవాలి. తన పేరు తనే తప్పు రాస్తే తప్ప ముందుకు వెళ్లనివ్వని ఫారమ్ నా దృష్టిలో చెడ్డ ఫారమ్. "పూర్తి పేరు" అని ఒకటే పెట్టె పెట్టాను, బ్రౌజర్ తనే నింపగలిగేలా ఆటోకంప్లీట్‌కు నేమ్ అన్న విలువ ఇచ్చాను. ఏ నుంచి జెడ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలే ఒప్పుకునే ప్యాటర్న్ తీసేశాను. అది ఉంటే తెలుగులో రాసిన పేరు ఒక్కటీ లోపలికి రాదు.

గరిష్ఠ పొడవు దగ్గర ఇంకో చిక్కు. కంటికి "లక్ష్మి" రెండు అక్షరాలు. బ్రౌజర్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. "లక్ష్మీనరసింహారావు" ఒక్కటే 18 అవుతుంది. మ్యాక్స్‌లెంగ్త్ 20 పెడితే, మధ్యలో ఖాళీ పోను ఇంటిపేరుకు మిగిలేది ఒక్కటి. పైగా పొడవు దాటితే బ్రౌజర్ ఏమీ చెప్పదు, కీబోర్డు కొట్టినా అక్షరం పడదంతే. 150 పెట్టాను. పేజీ తలభాగంలో యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) అని రాయడం, డేటాబేస్‌లోనూ ఆ కనెక్షన్‌లోనూ అదే ఉండేలా చూడటం ఎప్పుడూ మరవొద్దు. ఎక్కడో ఒకచోట తేడా వస్తే పేర్ల స్థానంలో వరసగా ప్రశ్న గుర్తులే మిగలవచ్చు.

ఈమెయిల్‌కు ఈమెయిల్ రకమే పెట్టాలి, ఫోన్‌లో తగిన కీబోర్డు వస్తుంది. కానీ అది చూసేది రూపాన్నే. చుక్క లేకుండా ఎట్ గుర్తుకు అటొక అక్షరం ఇటొక అక్షరం ఉన్నా ఒప్పేసుకుంటుంది, నియమం ప్రకారం అది సరైనదే. అడ్రస్ నిజంగా ఆ మనిషిదేనా అన్నది, గడువున్న లింకుతో ఒక మెయిల్ పంపితేనే తేలుతుంది.

ఫోన్‌కు నంబర్ రకం వద్దు, టెల్ చాలు. నంబర్ రకంలో మైనస్ గుర్తు కూడా పడుతుంది, మౌస్ చక్రం కదిలితే అంకె మారిపోవచ్చు. సరిగ్గా పది అంకెలే ఉండాలని ప్యాటర్న్ పెడితే, బ్రౌజర్ తనే నింపిన +91 తో మొదలయ్యే నంబరును తిప్పికొడుతుంది. అందుకని పెట్టెలో పట్టింపు తగ్గించి, సర్వర్‌లో ఖాళీలు, గీతలు, ముందున్న +91 గానీ సున్నా గానీ తీసేసి, మిగిలిన పది అంకెల్లో మొదటిది 6 నుంచి 9 లోపు ఉందో లేదో చూస్తున్నాను. విదేశాల్లోని వాళ్లూ చేరే ఫారమ్ అయితే ఈ తనిఖీ పనికిరాదు.

పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు, ఆటోకంప్లీట్‌లో న్యూ-పాస్‌వర్డ్. పేస్ట్‌ను అడ్డుకోవడం అనవసరం. పక్కన "చూపించు" బటన్ పెట్టేవాళ్లు దానికి టైప్ బటన్ అని రాయాలి. రాయకపోతే ఫారమ్ లోపలి ఏ బటనైనా సబ్మిట్టే, పాస్‌వర్డ్ చూసుకుందామని నొక్కగానే సగం నిండిన ఫారమ్ వెళ్లిపోవచ్చు. సర్వర్‌లో దాచేటప్పుడు బీక్రిప్ట్ లాంటి హ్యాష్ (పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని అక్షరాల వరసగా మార్చే పద్ధతి) వాడాలి. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది. తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి 24 గుర్తుల తర్వాతవి లెక్కలోకి రావు.

తప్పనిసరి అని చెప్పే రిక్వైర్డ్ పెట్టినా, పేరు పెట్టెలో స్పేస్ మాత్రమే కొడితే బ్రౌజర్ ఒప్పుకుంటుంది. బ్రౌజర్‌లో చేసిన తనిఖీ ఏదైనా ఎవరైనా తీసేయగలరు, సర్వర్‌లో మళ్లీ చేయక తప్పదు. ఎర్రర్ సందేశాలు బ్రౌజర్ భాషలో వస్తాయి, పేజీ భాషలో కాదు. తెలుగులో కావాలంటే జావాస్క్రిప్ట్‌లోని సెట్‌కస్టమ్‌వ్యాలిడిటీ వాడాలి. అయితే అక్షరం మారినప్పుడల్లా దానికి ఖాళీ విలువ ఇచ్చి సందేశాన్ని చెరిపేయాలి. చెరపకపోతే తప్పు దిద్దుకున్నాక కూడా ఫారమ్ కదలదు. పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్‌లో ఇన్‌వ్యాలిడ్ బదులు యూజర్-ఇన్‌వ్యాలిడ్ వాడితే, పేజీ తెరవగానే ఖాళీ పెట్టెలన్నీ ఎర్రబడవు. పెట్టెల్లో అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్‌లో నొక్కగానే పేజీ పెద్దదైపోతుంది.

నమోదు అయ్యాక ధన్యవాదాల పేజీకి 303 అనే సర్వర్ సంకేతంతో మళ్లించాను. అలా చేయకపోతే రిఫ్రెష్ కొట్టినవాళ్ల పేరు రెండుసార్లు ఎక్కవచ్చు.

సాయంత్రం మాట పుట్టిన తేదీ మీదికి వచ్చింది, అదీ అడగాలని కొందరన్నారు. తరగతి కేటాయించడానికి తేదీ అక్కర్లేదు, 18 దాటారా లేదా తెలిస్తే చాలు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిర్ధారించుకోగలిగేది, కావాలి. సమ్మతి టిక్‌ను ముందే పెట్టి ఉంచడమూ కుదరదు, ఆ మనిషే పెట్టాలి. టిక్ పెట్టని చెక్‌బాక్స్ సర్వర్‌కు ఏమీ పంపదు కాబట్టి, రాకపోవడాన్నే "లేదు"గా తీసుకునేలా కోడ్ మార్చాను. పిల్లల కోసం పెద్దలు నింపే ఫారమ్ వేరుగా చేయాలి. దాన్ని రేపు మౌస్ ముట్టకుండా ట్యాబ్, ఎంటర్‌లతోనే చివరిదాకా నింపి చూడాలి.