జీ వన్ లెక్క

"అమ్మా, నువ్వు నన్ను జీ వన్‌లో కొలుస్తున్నావ్" అన్నాడు మావాడు, తల కూడా ఎత్తకుండా. డైనింగ్ టేబుల్ మీద ట్రే నిండా బుల్లెట్లు పేర్చుకుని, ఒక్కోదాన్నీ చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి తూస్తున్నాడు. నేను అప్పటికి పది నిమిషాలుగా మా అన్నయ్య కొడుకు మార్కుల గురించి చెబుతున్నాను.

తిట్టాడో పొగిడాడో తెలియలేదు. పదిహేడేళ్ళ పిల్లాణ్ణి అర్థం అడగాలంటే నామోషీ. రాత్రి వాడు పడుకున్నాక ఫోన్‌లో వెతుక్కుని చదివాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఇంట్లోకి తుపాకి రాకూడదన్నది నేను పెట్టిన రూలు. మోంటానాలో ఉంటూ ఈ రూలు పెట్టడం సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని ఉప్పు వద్దనడం లాంటిదే, అయినా పెట్టాను. రైఫిల్ పక్కింటి పెద్దాయనది, ఆయనింట్లోనే తాళం వేసి ఉంటుంది. తూటాలో పోసే మందు పౌడరు, దాన్ని అంటించే ప్రైమర్లు ఆయన గరాజ్ దాటవు. కాల్చేసిన తూటాల ఇత్తడి కేసుల్ని కడిగి, సరిచేసి, మళ్ళీ నింపడం మావాడు అక్కడే ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఉత్త బుల్లెట్లు, అంటే రాగి తొడుగు వేసిన సీసం ముక్కలు మాత్రం, మా గుమ్మం దాటి రావచ్చు. ఈ గీత ఇక్కడే ఎందుకు గీశావని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ స్కూల్లోనో కాల్పులని వార్త వచ్చిన రోజు ఆ ట్రేని బయట పారేస్తానని అరుస్తాను. వారం తిరక్కుండా, ఇంకాస్త మంచి కాటా కావాలంటే నా కార్డు నేనే తీసిస్తాను.

ఇక జీ వన్. బుల్లెట్ గాలిని తట్టుకుని వేగం ఎంత బాగా నిలుపుకుంటుందో చెప్పే అంకె బాలిస్టిక్ కోఎఫిషియంట్. వీళ్ళు బీసీ అంటారు. నాకైతే ఆ మాట వినగానే రిజర్వేషన్ ఫారాలే గుర్తొచ్చాయి. ఆ అంకె దానంతటది పుట్టదు, ఒక నమూనా గుండుతో పోల్చాలి. జీ వన్ అలాంటి నమూనా: అంగుళం వ్యాసం, పౌండు బరువు, చదునైన అడుగు, పొట్టి ముక్కు. 1881లో జర్మనీలో క్రుప్ కంపెనీ చేసిన పరీక్షల నాటి పోలిక అది. మావాడివి 6.5 మిల్లీమీటర్ల, 140 గ్రెయిన్ల, అంటే తొమ్మిది గ్రాముల బుల్లెట్లు. పొడుగాటి కోసు ముక్కు, వెనక పడవలా సన్నబడే అడుగు. వీటిని ఆ మొద్దు గుండుతో పోలిస్తే వేగంగా పోయేటప్పుడు ఒక అంకె, వేగం తగ్గాక ఇంకో అంకె వస్తుంది. దగ్గర్లో పర్వాలేదు, దూరం పెరిగే కొద్దీ లెక్క తప్పుతుంది. అందుకని ఈ ఆకారానికి దగ్గరగా ఉండే జీ సెవెన్ అని ఇంకో నమూనా పెట్టుకున్నారు.

చదివి గుండె కలుక్కుమంది. తెల్లారి కాఫీ కలుపుతూ, "సరే నాన్నా, ఇకమీదట జీ సెవెన్‌లోనే కొలుస్తాలే" అన్నాను, ఏదో గొప్ప త్యాగం చేసినట్టు.

"నంబర్ సగమైపోతుంది, ఓకేనా?" అన్నాడు.

నిజమే. అదే బుల్లెట్‌కి జీ వన్‌లో 0.6 పైచిలుకు వస్తే, జీ సెవెన్‌లో 0.3 పైచిలుకే. డబ్బా మీద ఏది అచ్చేస్తే బాగుంటుందో వేరే చెప్పాలా? పెళ్ళిళ్ళలో మనం చెప్పుకునే పిల్లలందరూ జీ వన్ పిల్లలే.

నన్ను అసలు తికమక పెట్టింది మాత్రం ఈ అంకెలు కాదు. ఒకరోజు తూస్తూ తూస్తూ, "అమ్మా, హీటర్ ఆపవా, గాలికి కాటా కదులుతోంది" అన్నాడు. గరిటె చేతిలోనే ఉండిపోయింది. ప్రొద్దుటూరులో మా నాయన బంగారం పని చేసేవాడు. త్రాసు పైకెత్తే ముందు "ఫ్యానాపు పాపా" అనేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం, చెమటలు కారుతుండగా, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. మావాడూ ఊపిరి బిగబట్టే చూస్తున్నాడు. వాడు తాతని ఫోటోలోనే చూశాడు.

నాయన పాత పెట్టెలో గురివింద గింజలు నాలుగు నా దగ్గర ఉన్నాయి. తెచ్చి కాటా మీద పెట్టమన్నాను. ఒకటి 1.7 గ్రెయిన్లు, ఇంకోటి 2.1. "ఇంత తేడానా? తాత దీంతో గోల్డ్ తూచేవాడా?" అని నవ్వాడు. గ్రెయిన్ కూడా ఒకప్పుడు బార్లీ గింజ బరువేనని వాడే చెప్పాడు. పది గ్రాములు కూడా లేని బుల్లెట్లో వెంట్రుకవాసి తేడా ఎందుకురా అంటే, అంతా సమంగా లేకపోతే వేగం సమంగా రాదట. సెకనుకు 20 అడుగుల వేగం తేడా వస్తే వెయ్యి గజాల దగ్గర అరడుగు దాకా కిందా మీదా అవుతుందట.

ఇక్కడ ఒక సలహా రాశాను: పిల్లల పిచ్చిలోకి మనమూ ఒకసారి తొంగి చూడాలని. కొట్టేశాను. నాయన తూచింది తాళిబొట్లకి. వీడు తూచేది దూరంగా నిలబెట్టిన ఇనప పలకని గురిచూసి కొట్టడం కోసం. అలాగని వాడంటాడు. పక్కింటాయన నవంబర్లో జింకల వేటకి పోతాడు, వచ్చే ఏడు వీడూ బయల్దేరితే? తాత పోలికని మురిసిపోతున్నది నిజంగా పోలిక ఉన్నందుకా, లేక నా భయానికి పసుపు కుంకుమ పూసుకుంటున్నానా? పండక్కి ఆయుధపూజలో ఆ కాటాకి బొట్టు పెట్టింది కూడా నేనే. రీడింగ్ మారుతుందని తుడిచేసింది వాడు.

పోయిన శనివారం వాళ్ళు కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌కి వెళ్ళాను, మొదటిసారి. చెవులకి మఫ్స్ పెట్టుకున్నా పేలుడు గుండెల్లో తగిలింది. బుల్లెట్ వెయ్యి గజాలు పోవడానికి ఒకటిన్నర సెకను పైనే, తగిలిన చప్పుడు వెనక్కి రావడానికి ఇంకో రెండున్నర పైన. నాలుగు లెక్కపెట్టాను. ఏమీ వినబడలేదు. "గాలి తప్పు చదివా" అన్నాడు మామూలుగా. అడ్డంగా గంటకు పది మైళ్ళ గాలి వీస్తే, ఎంత మంచి బీసీ ఉన్నా అంత దూరంలో అయిదడుగులు పక్కకి పోతుందట. మళ్ళీ కాల్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సన్నగా, గుడి గంటని ఎవరో గోటితో కొట్టినట్టు, టంగ్. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టేశాను. ఇంటికొచ్చేదాకా ఆ చేతుల్ని చూసుకుని సిగ్గుపడుతూనే ఉన్నాను.

ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. "అల్లుడేం చేస్తున్నాడమ్మా ఈ మధ్య?"

"ఫిజిక్స్ ప్రాజెక్టన్నా" అన్నాను.

పక్కగదిలోంచి కేక వినబడింది: "జీ వన్!"