గంజు, భర్తీ, ఒక పాత సినిమా

పొద్దున ఐదున్నరకే అన్న కొడుకుతో గ్రౌండ్‌కి పోయాను. పోలీసు భర్తీకి తయారవుతున్నాడు, వాడు ఉరుకుతుంటే గట్టు మీద కూర్చుని ఫోన్‌లో టైమ్ చూడడం నా డ్యూటీ. 1600 మీటర్లు 5 నిమిషాల 10 సెకన్లలో కొడితే 20కి 20 మార్కులు. ఇవాళ 5 నిమిషాల 31. బూట్లు బాగాలేవంట. నిన్నేమో ఎదురుగాలి.

మధ్యాహ్నం కరెంటు పోయి జిరాక్స్ మిషన్ బందైంది. వాకిట్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ ఇద్దరం వాడి ఫోన్‌లో ‘సింధూరం’ పెట్టుకున్నాం. 1997లో కృష్ణవంశీ తీశాడు, డబ్బులు రాలేదు గానీ జాతీయ అవార్డు వచ్చింది. వాడు రవితేజ కోసం చూశాడు, నేను బ్రహ్మాజీ కోసం. ఎస్సై ఉద్యోగానికి తయారవుతున్న బుల్లిరాజు కాస్తా అడవిలో నక్సలైట్ల మధ్య తేలేసరికి వీడు సినిమా ఆపి, “కాకా, ఇతనికి ఫిజికల్ అయిపోయిందా?” అన్నాడు. నవ్వొచ్చింది గానీ నాకు ఆ సినిమాలో నచ్చేదే అది, బుల్లిరాజు పుస్తకాలు చదివి అడవికి పోలేదు. (పాటలు కొన్ని తగ్గిస్తే బాగుండేది.)

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ వాళ్లకు ఇది కొత్త కథేం కాదు. నక్సలైట్ల దళాలు ప్రాణహిత దాటి ఇటొచ్చింది 1980లో, ఆ ఏడాదే దళంలోని పెద్ది శంకర్ మా తాలూకాలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 1990లో వాళ్లమీదికి సీ-60 అని పోలీసు కమాండో దళం పెడితే అందులోకి తీసుకున్నదీ ఈ జిల్లా పిల్లల్నే.

నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు ఒక రాత్రి నక్సలైట్లొచ్చి అన్నం పెట్టమన్నారు, పెట్టనంటే ఎట్లా, అమ్మ పెద్ద గంజులో వండింది. తెల్లారి పోలీసు జీపు వచ్చింది. దిగినాయన ఇల్లు వెతకనేలేదు, బావి దగ్గర బోర్లించిన గంజు చూసి, ఇంట్లో ఉన్నది నలుగురు, ఇంత గంజు ఎందుకు తోమావని మరాఠీలో అడిగాడు. అన్నను తీసుకుపోయి రెండు రోజులు ఉంచుకున్నారు. వచ్చాక నెల రోజులు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ రోజూ గడపకు అడ్డంగా చాప వేసుకుని పడుకునేది, దొంగల భయమేమో అనుకున్నాను నేను.

2025 అక్టోబర్‌లో మావోయిస్టు నాయకుడు, పెద్దపల్లి మల్లోజుల వేణుగోపాల్ 60 మందితో గడ్చిరోలిలో లొంగిపోయినప్పుడు టీవీలో ఆ తెల్ల జుట్టు చూసి అమ్మ ఒక్కటే అడిగింది, వాళ్లమ్మ ఉందా అని. లేదన్నాను.

ఇదేదీ పిల్లోడికి తెలియదు. చెబుదామనుకునేలోపు కరెంటొచ్చింది, సాత్‌బారా (భూమి పహాణీ) కాగితాల వాళ్లు జిరాక్స్‌కి లైన్ కట్టారు, సినిమా సగంలోనే ఉండిపోయింది.

రాత్రి అన్న వచ్చి బూట్లకని పదిహేను వందలు చేతిలో పెట్టాడు. సైజు తొమ్మిదంట.